బాపు మీద ఎర్ర గీత

నకిరేకల్, మంగళవారం రాత్రి

ఇవాళ మూడో తరగతి పిల్లలకు ‘మా నాన్నగారు’ అని వ్యాసం ఇచ్చాను. స్వప్న “మా బాపు గొర్లు కాస్తడు” అని మొదలుపెట్టింది. అలవాటు కొద్దీ ‘బాపు’ను ఎర్ర పెన్నుతో కొట్టేసి, పైన ‘నాన్నగారు’ అని దిద్దాను.

“మా బాపునెందుకు కొట్టేసిండ్రు టీచర్?”

“పరీక్షల గట్ల రాయొద్దు బిడ్డా.”

“గట్లయితే నాకు నాన్నగారు లేడు” అని నోట్‌బుక్ మూసేసింది. నిన్న ఏడో ఎక్కం గడగడా అప్పజెప్పిన పిల్ల, ఇవాళ సాయంత్రం దాకా ఆ నోట్‌బుక్ మళ్లీ తెరవలేదు. మనసు నొచ్చుకున్న పిల్లకు చదువెక్కదని ట్రైనింగులో నేనే రాసుకున్నాను. ఆ కాగితాలు ఎక్కడ పడేశానో.

ఆ వయసులో నేనూ ఈ వ్యాసమే రాశాను. సారు బోర్డు మీద రాసిన పది వాక్యాలూ బట్టీ పట్టాను. మందను దొడ్లోకి తోలి బాపు కూర్చోగానే, ఆయన గొంగడిలో దూరి చదివి వినిపించాను. “మా నాన్నగారు రోజూ ఆఫీసుకు వెళ్తారు...” ఆ ఉన్ని వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. బాపు కదలకుండా చివరిదాకా విన్నాడు. తర్వాత నా తల నిమిరి అడిగాడు.

“మంచిగ చదివినవ్ బిడ్డా. ఇంతకు గీ ఆఫీసు సారు ఎవలు?”