గదులు పెరిగిన ఇల్లు

మెదక్,
8 నవంబర్ 2025.
నేటి పనులు: గిన్నెలు తోమడం అరగంట, వంట గంట, కింది గదులూ మేడా ఊడ్చి తుడవడం రెండు గంటలు.

తమ్ముడు పరమేశ్‌కు,

ఫోన్‌లో చెబితే మధ్యలోనే కోపపడతావని రాస్తున్నాను. నా దగ్గర చదువుకుంటున్న నీ బిడ్డ స్నేహలత సైన్స్ ఫెయిర్ చార్టు తప్పన్నావు. "అక్క లెక్క సరే అంటేనే పంపుత" అన్నావు.

విశ్వం పసితనంలో వందకు అరవై మూడు పాళ్లు కృష్ణ పదార్థం (డార్క్ మ్యాటర్), కృష్ణ శక్తి (డార్క్ ఎనర్జీ) దాదాపు సున్నా అని రాసింది. ఇప్పుడేమో పదార్థం ఇరవై ఏడు, శక్తి అరవై ఎనిమిది.

"గంత పదార్థం ఎటు పోయిందే?" అని నేనూ అడిగాను.

"యాడికీ పోలేదత్తా. ఒక్క గది ఉన్నప్పుడు నీకు ఊడ్చుడు కంటె గిన్నెల పనే ఎక్కువుండె. మేడ కట్టినంక గిన్నెలు గవ్వే, ఊడ్చుడు పెరిగింది. కొత్త గది తన ఊడ్చుడు తనే తెచ్చుకుంటది. విశ్వం పెరిగితే కొత్త జాగ గూడ గట్లనే తన శక్తి తనే తెచ్చుకుంటది" అన్నది.

పైన రాసిన నా పనులు చూడు. ఒక్క గదిలో ఉన్ననాడు కూడా గిన్నెలకు అరగంటే పట్టేది. ఊడ్చడం పెరిగి మొత్తంలో గిన్నెల పాలు తగ్గింది, పదార్థం పాలూ అంతే.

లెక్క సరిపోయింది. శుక్రవారం ఫెయిర్‌కు చార్టుతో స్నేహలతను నేనే తీసుకుపోతాను, నువ్వూ రా. నీకు నేనివ్వాల్సిన జవాబు బాకీ ఇంతటితో తీరింది.

మీ అక్క