పాటల సందులో అమ్మ గొంతు

ఆదివారం, నంద్యాల

ఆళ్లగడ్డలో అన్న దగ్గరున్న నా పెళ్లి క్యాసెట్‌ను తెచ్చి, వీసీఆర్‌కు వైరు తగిలించి ఈరోజు లాప్‌టాప్‌లోకి ఎక్కించాను. టేపు తిరిగినంతసేపూ దగ్గరే కూర్చోవాలి. నాకేం, ఇంట్లో నన్ను పిలిచేవాళ్లు ఎవరున్నారు గనక.

పోయిన అమ్మ గొంతు ఇందులోనైనా ఉంటుందనుకున్నాను. అమ్మ కనిపిస్తూనే ఉంది. ఎవరినో కేకేస్తోంది, నవ్వుతోంది. కానీ మాటలేవీ లేవు. వీడియో ఆయన మొత్తం సినిమా పాటలు వేసేశాడు. అప్పట్లో అందరూ అలాగే వేయించుకునేవాళ్లు. ఒళ్లు మండి అన్నకు ఫోన్ చేశాను.

"పెండ్లి క్యాసెట్లో పాటలు గాక ఇంకేముంటాయ్ మే? పండుకో పో" అన్నాడు.

తలంబ్రాలయ్యాక ఒక పాట ముగిసి ఇంకో పాట మొదలయ్యేలోపు చిన్న సందు వచ్చింది. అక్కడ దొరికింది అమ్మ గొంతు. కెమెరా వైపు చెయ్యి విసురుతూ, "నన్నేంది తీస్తాండావప్పా? ఆ పక్కకు పో, పెండ్లికూతుర్ని తీయి" అంది.

ఆయన వెంటనే కెమెరా తిప్పేశాడు. తల వంచుకుని కూర్చున్న నేను. మళ్లీ పాట.

టేపు వెనక్కి తిప్పి మళ్లీ విన్నాను. అమ్మ మళ్లీ పక్కకు పొమ్మంది.