మూడు వేళ్ల మనిషి

జూన్ 2

‘ఆరు గంటల లోపు’ నవల మూడు కాపీలు లైబ్రరీకి వచ్చాయి. నేనే అట్టలు వేశాను, నేనే నంబర్లు రాశాను, నేనే లైబ్రరీ ముద్ర కొట్టాను. రిజిస్టర్లో రచయిత పేరు దగ్గర రాజన్ కడవత్ అని రాశాను. ఆ రాజన్ నేనే. కోళిక్కోడ్‌లో ఉన్న పబ్లిషర్‌కి తప్ప ఎవరికీ తెలియదు. నలభై ఎనిమిదేళ్లొచ్చిన పెళ్లికాని లైబ్రేరియన్ వత్సల కిడ్నాప్ నవల రాసిందంటే, ఈ ఊళ్లో నవలకన్నా ముందు నన్ను చదువుతారు.

వాన మొదలైంది. బడులు తెరిచారు.

జూన్ 5

ఆటో మొయ్దు ఒక్క రోజులో చదివేసి తెచ్చిచ్చాడు. ఊళ్లో చిన్నవాళ్లందరికీ నేను అక్కని, చేచ్చీని. “చేచ్చీ, నిన్న రెండు బేరాలు వదిలేశాను. స్టాండులో వెనక సీట్లో పడుకుని చదువుతూనే ఉన్నా. క్లచ్ నొక్కకుండా నాలుగో గేరులో పోయే బండి ఇది!” అన్నాడు. లోపలికెళ్లి మొహం కడుక్కుని వచ్చాను. నవ్వు దాచుకోవాలి కదా.

సాయంత్రం అచ్యుతన్ మాష్టారు వచ్చారు. మా లైబ్రరీకి ప్రెసిడెంట్. నలభై పేజీలకే ఆపేశారట. “ఇది నవలా, రైళ్ల టైం టేబులా? ఒక్క మనిషీ కాసేపు కూర్చోడు. ఆఖరికి వాన కూడా పరిగెత్తుకుంటూ కురుస్తోంది” అన్నారు. ఆ వాన వాక్యం నాకు చాలా ఇష్టం. నాలుగు సార్లు తిరగరాశాను.

టైలర్ ప్రమీల మాట ఇంకా గుచ్చుకుంది. తల్లికి ఏడవడానికి అర పేజీ కూడా ఇవ్వలేదు, రాసింది మగాడు కదా, వాడికి పిల్లలుండి ఉండరు అంది. సగం కరెక్టు.

జూన్ 9

వెయిటింగ్ లిస్టులో పద్నాలుగు పేర్లు. ఈ లైబ్రరీలో ఇంతవరకూ ఏ పుస్తకానికీ లేదు.

లిస్టులో ఎవరి పేరో రాయించడానికి వచ్చిన మొయ్దు పగలబడి నవ్వాడు. “చేచ్చీ, ఆ కిడ్నాపర్ మన కణారేట్టనే కదా! ఎడమ చేతికి మూడు వేళ్లు, జేబులో ఉప్పు ఉసిరికాయలు. రాసినవాడెవడో ఈ దారిన బస్సులో పోయుంటాడు.” కలప కోసే సామిల్లులో పనిచేసిన వాళ్లలో సగం మందికి వేళ్లుండవు అన్నాను. ఉసిరికాయల మాట దాటేశాను.

ఇక్కడ నిజం రాసుకుంటాను. నా టేబుల్ పక్క కిటికీలోంచి హైవే కనిపిస్తుంది. రోడ్డు వెడల్పు చేసినప్పటి నుంచీ కణారేట్టన్ ఎర్ర జెండా పట్టుకుని బడి పిల్లల్ని దాటిస్తాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఎవరూ అడగలేదు, ఎవరూ ఏమీ ఇవ్వరు. దాటిన ప్రతి బిడ్డకీ ఒక ఉసిరికాయ. రెండేళ్లు చూశాను. నవలకి భయం పుట్టించే చెయ్యి ఒకటి కావాల్సొచ్చింది. ఆ చెయ్యి తీసుకున్నాను. మనిషిని వదిలేశాను. నవల్లో వాడికి పేరు కూడా లేదు. మూడు వేళ్లవాడు, అంతే.

జూన్ 11

ఈరోజు పెద్ద పిల్లలు “మూడు వేళ్లవాడొచ్చాడు, పరిగెత్తండ్రా” అని అరిచారు. కణారేట్టన్ నవ్వి ఆ చెయ్యే ఊపాడు.

జూన్ 14

ప్రమీల కూతురు అంజిత మూడో తరగతి. ఉసిరికాయ వద్దని తల వంచుకుని దాటిపోయింది. దాని వెనక పిల్లలందరూ అంతే. కణారేట్టన్ జేబులోంచి తీసిన కాయ మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ప్రమీలని అడిగాను. తల్లుల వాట్సాప్ గ్రూపులో ఎవరో నవల్లో మూడు వేళ్లవాడి పేజీ ఫోటో తీసి పెట్టారట. “నవల అబద్ధమే చేచ్చీ. భయం మాత్రం నిజమే కదా. పెళ్లాం లేదు, పిల్లల్లేరు, ఊరి పిల్లల మీద అంత ప్రేమేంటి ఆయనకి?” అంది. పదేళ్ల నుంచీ ఆయన్ని చూస్తున్నావు కదా అన్నాను. చూస్తూనే ఉన్నాను కానీ ఇలా ఎప్పుడూ చూడలేదు అంది.

ఇలా చూడటం నేర్పింది నేను.

జూన్ 16

కణారేట్టన్ లైబ్రరీకి వచ్చాడు. మొదటిసారి. చెప్పులు గుమ్మం బయట విడిచాడు. ఏదో పుస్తకంలో నేనున్నానంట, చూడొచ్చా అని అడిగాడు. లిస్టు చాలా పొడుగుంది. నా బ్యాగులో ఉన్న సొంత కాపీ ఇచ్చాను. తిరిగివ్వడానికి తొందర లేదన్నాను. “నాకు చదవడం నెమ్మది” అన్నాడు.

జూన్ 19

పఠన దినం, లైబ్రరీల పండగ. పుస్తక చర్చకి యాభై మంది వచ్చారు. కుర్చీలు చాలక చాపలు పరిచాం. ఒకరు బ్రహ్మాండం అంటే ఒకరు పేజీ తిప్పడం తప్ప ఏమీ లేదన్నారు. పోలీసులు మరీ అంత తెలివితక్కువ వాళ్లా అని ఇంకొకరు అన్నారు. పేజీ తిప్పాల్సి వచ్చింది కాబట్టే గొప్ప అని మొయ్దు లేచి కొట్లాడాడు. మాష్టారు ముగింపులో, చెడ్డవాడికి అవిటితనం అంటగట్టడం ఏ కాలం నాటి అలవాటు, ఈ రచయితకి సిగ్గుండాలి అన్నారు. రెండు మూడు తలలు వెనక్కి తిరిగాయి. వెనక చాప మీద కణారేట్టన్ ఎడమ చెయ్యి లుంగీ మడతలో పెట్టుకుని కూర్చున్నాడు.

లేచి నిలబడాల్సింది. నేను మీటింగ్ మినిట్స్ రాశాను. ‘చర్చ ఆసక్తికరంగా సాగింది.’

జూన్ 23, రాత్రి 10

జోరు వానలో అంజిత జారింది. రోడ్డు మధ్యలో. లారీ వస్తోంది. కణారేట్టన్ జెండా వదిలేసి ఆ పిల్ల జబ్బ పట్టుకుని ఇవతలికి లాగాడు. పిల్ల కేకలు పెట్టింది. లారీని చూసి కాదు, ఆ చేతిని చూసి. బైకు మీద ఇద్దరు ఆగారు. పిల్లని ఎత్తుకుపోతున్నాడనుకుని ఇంకో నలుగురు పోగయ్యారు. ఇదంతా కిటికీలోంచి చూశాను. నేను మెట్లు దిగి పరిగెత్తేసరికి అతన్ని బురదలో పడేసి కొడుతున్నారు. “లారీ! లారీ వచ్చిందండీ!” అని అరిచాను. ఎవరికీ వినిపించలేదు. మొయ్దు ఆటో అడ్డం పెట్టి అతన్ని లాక్కొచ్చాడు. వడకర ఆస్పత్రిలో ఎడమ వైపు కాలర్ బోన్ విరిగిందన్నారు. రెండు పళ్లు పోయాయి.

ఆటోలో వస్తూ మొయ్దు ఏడ్చాడు. “నేనే కదా చేచ్చీ నవ్వుతూ మొదలుపెట్టింది.” కాదు మొయ్దూ అన్నాను.

ఇంటికొచ్చేసరికి పబ్లిషర్ ఫోన్. సెకండ్ ప్రింట్. కంగ్రాట్స్.

జూన్ 24

లైబ్రరీ తెరవలేదు.

జూన్ 26

మాష్టారింటికి వెళ్లి చెప్పేశాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. “ఆ పరిగెత్తే వాన నీదేనా వత్సలా?” అన్నారు. అవునన్నాను. రాజీనామా ఇస్తానన్నాను. “నాకెందుకు చెబుతున్నావు? నీకు శిక్ష వేసేవాణ్ణి కాదు, దెబ్బలు తిన్నవాణ్ణీ కాదు. ముందు చెప్పాల్సిన చోట చెప్పు” అన్నారు.

జూన్ 28

కణారేట్టన్ ఇంటికి వెళ్లాను. చెల్లెలు దేవు తలుపు తీసింది. అతను వరండాలో ఈజీ ఛెయిర్లో ఉన్నాడు. నా పుస్తకం కిటికీలో ఉంది, చివరి పేజీలో బస్ టికెట్ గుర్తు. నిలబడే చెప్పాను. రాజన్ కడవత్ ఎవరూ లేడు, నేనే, మీ చెయ్యి దొంగిలించాను, నన్ను క్షమించమని అడిగే అర్హత కూడా లేదు అన్నాను. చెప్పాలనుకున్నవన్నీ ఒక్క గుక్కలో అయిపోయాయి.

అతను ఆశ్చర్యపోలేదు. “రోడ్డు అవతల అరటికాయల కొట్టు మీద రేకు చిరిగి ఉంటుందని రాశావు. అది కింద నిలబడితే కనపడదు. మీ లైబ్రరీ మేడ మీంచే కనపడుతుంది” అన్నాడు. చర్చ రోజుకే తెలుసునట. మరి ఎందుకు చెప్పలేదన్నాను. నువ్వు చెబుతావని చూశాను అన్నాడు.

దేవు టీ తెచ్చింది. అతను తాగమనలేదు.

“నవల బాగుంది వత్సలా. నాలాంటివాణ్ణి కూడా పరిగెత్తించింది. ఒక్క చోటే నమ్మబుద్ధి కాలేదు. చివర్లో ఆ తల్లి వాణ్ణి మూడు వాక్యాల్లో క్షమించేస్తుంది. అంత తొందరగా ఎవరు క్షమిస్తారు?”

టీ చల్లారిపోయింది. వచ్చేశాను.

జూలై 1

లైబ్రరీ నోటీసు బోర్డు మీద నా పేరుతో అంతా రాసి అంటించాను. పబ్లిషర్‌కి ప్రింటింగ్ ఆపమన్నాను. అచ్చు ఫారాలు మెషీన్ ఎక్కేశాయి చేచ్చీ అన్నాడు. ఆ చెయ్యి ఎవరిదో, ఆ మనిషి ఏం చేస్తాడో చెప్పే ఒక పేజీ ముందు చేర్చడానికి ఒప్పుకున్నాడు. కణారేట్టన్ పేరు రాయొచ్చా అని దేవుకి ఫోన్ చేసి అడిగాను. రాయమన్నాడట.

మొయ్దు బోర్డు రెండుసార్లు చదివి ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఆటోగ్రాఫ్ అడిగారు. ప్రమీల మాత్రం లోపలికి వచ్చింది. “నా పిల్లని కాపాడినవాణ్ణి కొట్టించాను నేను. మీరు రాశారు, నేను నమ్మాను. ఎవరిది ఎక్కువ తప్పు చేచ్చీ?” అని అడిగింది. వాదించడానికి రాలేదు. నిజంగానే అడిగింది. ఇద్దరం కూర్చున్నాం.

వెయిటింగ్ లిస్టు ముప్పై ఒకటి.

జూలై 8, ఉదయం 9.20

కణారేట్టన్ రోడ్డు దగ్గరికి వచ్చాడు. ఎడమ చెయ్యి మెడకి కట్టిన గుడ్డలో, కుడి చేతిలో జెండా. నేను మెట్లు దిగి వెళ్లి అతని పక్కన నిలబడ్డాను. ఉండమనలేదు, పొమ్మనలేదు.

పిల్లలు వచ్చారు. అతన్ని చూశారు, నన్ను చూశారు.

అతని పక్కనుంచి తప్పుకుని, నా చెయ్యి పట్టుకుని దాటారు.