గడువులోగా

చిరంజీవి చిన్నతల్లికి అమ్మ ఆశీస్సులు. దేవుడి దయవల్ల ఇక్కడ నాన్న, నేను, మీ పెద్దమ్మ కులాసాగానే ఉన్నాం. నీ దగ్గు తగ్గిందని తలుస్తాను.

నా మోకాలి నొప్పి గురించి అడిగావు. మెట్లెక్కితేనే గుర్తుకొస్తోంది, అందుకని ఎక్కడం తగ్గించాను. నాన్న కుట్టుమిషన్ల షాపు మామూలే. నీ ఉత్తరం వస్తే "మన రాయబారి గారు ఏమంటున్నారు?" అని అడుగుతారు. మొన్న మీ పెద్దమ్మ, "ఇంతకీ ఈ అంతర్జాతీయ సంస్థల ఎమ్మే చదివి ఏం పని చేస్తారే?" అంది. నువ్వు చెప్పినవన్నీ అప్పజెప్పాను. శరణార్థులకు గుడారాలు, మందులు అందేలా చూసేవాళ్లుంటారు, సమావేశాల్లో అన్న మాటలు రాసిపెట్టేవాళ్లుంటారు, దేశాలను ఒక మాట మీదికి తెచ్చేవాళ్లుంటారు అన్నాను. "అయితే ముందు నన్నూ నా కోడలినీ ఒక మాట మీదికి తెమ్మను" అంది. చాలాసేపు నవ్వుకున్నాం.

మీ క్లాసులో చెప్పిన ఒక పద్ధతి గురించి రాశావు. ఆ పెద్ద సంస్థల్లో తీర్మానం ఒకటి రాసి అన్ని దేశాలకూ పంపుతారట. గడువులోగా ఎవరూ కాదనకపోతే అందరూ ఒప్పుకున్నట్టేనట. నీకది తమాషాగా ఉందన్నావు. నాకు మాత్రం అది చదవగానే నీ ఫోన్ గుర్తొచ్చింది.

శరణార్థుల శిబిరంలో పని ఇస్తామన్నారని ఆ రోజు ఫోన్ చేశావు. "అలాంటి చోటికి నువ్వెందుకు, రానని చెప్పెయ్" అన్నారు నాన్న. "అమ్మా, నువ్వేమంటావు?" అని నన్ను అడిగావు. నేను "తిన్నావా?" అన్నాను. "తిన్నానమ్మా" అన్నావు. మర్నాడే వాళ్లకు రానని రాసేశావు. నీ బదులు నీ గదిలో ఉండే అమ్మాయి వెళ్లింది.

ఇది నీకు చెప్పలేదు. ఆ ఉద్యోగం నీకు తప్పిపోవాలని నేను అంతకుముందే ప్రార్థన చేశాను. నువ్వు మరీ దూరమైపోతావన్న భయం తప్ప వేరే కారణం లేదు. తప్పిపోయాక, దేవుడు విన్నాడని కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాను. ఇప్పుడు ప్రార్థనకు కూర్చుంటే ఒకటి తెలుస్తోంది. నీ చేతికందింది తీసేసింది ఆయన కాదు తల్లీ, నేను. నేను నోరు విప్పి ఉంటే నువ్వు వెళ్లేదానివి.

నాన్న తన స్నేహితుడి ఆఫీసులో నీకు ఉద్యోగం చూశారు. "మీరెవరూ వద్దనకపోతే చదువు ఆపేసి నెలాఖరుకు వచ్చేస్తాను" అని రాశావు. ఆ మాట దగ్గర సిరా కొంచెం అలుక్కుపోయి ఉంది. చెమట అనుకుందామని చూశాను.

ఈ ఉత్తరం నాన్నకు చదివి వినిపించాకే పోస్టు చేస్తాను. కొన్నాళ్లు ముభావంగా ఉంటారేమో, ఉండనీ. పోయినదాన్ని నీకు తిరిగి తెచ్చివ్వలేను. నెలాఖరు మాత్రం ఇంకా కాలేదు.

నువ్వు చదువు ఆపి రావడానికి నేను ఒప్పుకోవడం లేదు.

ఇట్లు,
మీ అమ్మ