బాపు ఒప్పుకున్న కేసు

2006 జూన్ 5

ఆఫర్ లెటర్ వచ్చింది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. అజీజ్‌నగర్ పక్కన హిమాయత్‌నగర్‌లో మా ఎరుకల ఇళ్లలో డిగ్రీ పాసైంది నేనొక్కదాన్నే. బాపుకు చదువు రాదు. అయినా లెటర్‌ను వెనక్కి తిప్పి కూడా చూశాడు.

జులై 3న జాయినింగ్. ఆలోపు పోలీస్ వెరిఫికేషన్ కావాలి.

జూన్ 9, మధ్యాహ్నం

స్టేషన్‌కు వెళ్లాను. హెడ్ కానిస్టేబుల్ నర్సింహులు నా సర్టిఫికెట్లు ముట్టుకోలేదు. మీరేమిట్లని కులం అడిగాడు. ఎరుకల అన్నాను. బీరువాలోంచి పాత నేరస్తుల పేర్లుండే, అట్ట ఊడిన రిజిస్టర్ తీశాడు. అందులో తాత బిక్షం పేరు. కింద బాపు మహేశ్వర్ పేరు. బాపు మీద ఒక్క కేసూ లేదు. మరి పేరెందుకుందని అడిగాను.

"తండ్రి పేరున్నంక కొడుకు పేరు ఎక్కకుంటదా?" అని నవ్వాడు. కోప్పడినా బాగుండేది.

సాయంత్రం

నాయనమ్మ సక్కుబాయిని అడిగాను. ఇంతకాలం ఎందుకు చెప్పలేదో మరి. మేం పుట్టుకతోనే దొంగలమని ఇంగ్లీషువాళ్లు చట్టం రాశారట. అది చూసి నిజాం సర్కారూ రాసింది. తాత రోజూ ఠాణాకు నడిచివెళ్లి హాజరు వేయించుకోవాలి. నాయనమ్మకు నొప్పులొచ్చిన రోజూ వెళ్లాడు. తిరిగొచ్చేసరికి తొలి బిడ్డ పుట్టి, చచ్చిపోయింది కూడా. చట్టం తీసేశారంటే తాత నమ్మలేదట. వెళ్తూనే ఉన్నాడు. ఠాణావాళ్లూ వద్దనలేదు.

"మనం గాడిదల మీద ఉప్పు అమ్ముకున్నోళ్లం బిడ్డా. రైలొచ్చి ఆ బతుకు గుంజుకున్నది. ఆకలితోని తిరిగితే దొంగలన్నరు."

జూన్ 17

వెరిఫికేషన్ కాగితం రాలేదు.

జూన్ 22

నర్సింహులు బాపును పిలిపించాడు. అజీజ్‌నగర్‌లో కృష్ణారావుగారి ఫామ్‌హౌస్‌లో ఆర్నెల్ల కింద బంగారు గొలుసు పోయింది. బాపు అక్కడ తోటపని చేస్తాడు. కృష్ణారావుగారు ఏదో కంపెనీలో పెద్ద మేనేజర్, పైనుంచి ఫోన్లు చేయిస్తున్నారు. బాపు ఒప్పుకుంటే నా కాగితం మీద సంతకం పడుతుందట.

"ఒప్పుకుంట. కొన్ని నెలలు జైల్ల ఉంటే అయిపోతది," అన్నాడు బాపు.

వద్దన్నాను. ఒక్కసారే అన్నాను.

జూన్ 26

బాపును తీసుకెళ్లారు. ఒప్పుకున్నాక కొట్టరనుకున్నాం. గొలుసు ఎక్కడ దాచావని కొట్టారు. తీయనివాడు ఏం చూపిస్తాడు? చెరువు దగ్గరన్నాడట, గుట్ట దగ్గరన్నాడట. రెండుచోట్లా తవ్వించారు. ఆయన చేతనే. దెబ్బలకు కుడిచెయ్యి విరిగింది.

జూన్ 28

కాగితం వచ్చింది. నా మీద ఏ అభ్యంతరమూ లేదట. నాయనమ్మ నాతో మాట్లాడటం లేదు. అన్నం మాత్రం పెడుతోంది.

జూన్ 30

ఫామ్‌హౌస్ వాచ్‌మన్ కృష్ణయ్య వచ్చాడు. గొలుసు దొరికిందట. కృష్ణారావుగారి భార్య సీతగారి సూట్‌కేసు అస్తరులో. పరువు పోతుందని స్టేషన్‌కు చెప్పలేదట. "నువ్వన్న పోయి చెప్పు బిడ్డా. నేను చెప్తే నా నౌకరి పోతది," అన్నాడు.

చెబితే బాపు బయటికొస్తాడు. నర్సింహులు నా కాగితం వెనక్కి లాక్కుంటాడు. సోమవారం జాయినింగ్.

నాయనమ్మ విందేమో అని చూశాను. విన్నది.

జులై 3

స్టేషన్‌కు వెళ్లలేదు. జాయినయ్యాను. మీ నాన్నగారు ఏం చేస్తారని హెచ్‌ఆర్ మేడమ్ అడిగింది.

చనిపోయారన్నాను.