బావగారికి ఇస్తున్న మాట

బావగారూ,

మీ మోకాలి ఆపరేషన్ బాగా జరిగిందని అక్క చెప్పింది. సోమవారం మా పార్టీ ఉచిత వైద్యం బిల్లు మళ్లీ ఓటింగుకు వస్తోంది. మీరు మంచం దిగలేరు కాబట్టి నన్నూ శాసనసభకు వెళ్లొద్దని అడగమని అక్కతో అన్నారట. మీ పార్టీలో ఒకరు జబ్బుపడితే, ఓట్ల లెక్క తప్పకుండా మా పార్టీలోనూ ఒకరు ఇంట్లో ఆగిపోవడం మన సభలో పాత మర్యాదే. నేనెందుకు కాదంటాను?

పోయినసారి మా ఆయన ఐసీయూలో ఉన్నప్పుడు మీరూ నాకు ఇలాగే మాటిచ్చారు. "నువ్వు ఆయన్ని చూసుకో అమ్మా, నేను గడప దాటితే ఒట్టు" అన్నారు. తీరా ఆస్పత్రి వరండాలో టీవీ చూస్తే, మీరు సభలో బిల్లు వద్దంటూ చెయ్యెత్తి కనిపించారు. ఒక్క ఓటుతో బిల్లు పోయింది. ఆ వారమే ఆయనా పోయారు. పరామర్శకు వచ్చి, "అది రాజకీయం అమ్మా, మనసులో పెట్టుకోకు" అన్నారు. పెట్టుకున్నాను.

నిశ్చింతగా పడుకోండి. సోమవారం నేను గడప దాటనని మాట ఇస్తున్నాను. అచ్చం మీరిచ్చిన మాట లాంటిదే.

మీ గదిలో టీవీ ఉందట కదా, పెట్టించుకోండి. ముందు వరసలోనే కూర్చుంటాను. చెయ్యెత్తితే మీకు బాగా కనిపిస్తుంది.

మీ మరదలు