చిన్న సవరణ

చి. బావమరిదికి,

నీ బావ ఆశీస్సులు. నేను క్షేమం. 'అందరమూ' అని రాయడానికి చెయ్యి అలవాటుగా కదిలింది, ఆపాను. నీ ఓడా, అందులో నువ్వూ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. మోకాలు ఫరవాలేదు. కళ్లజోడు మార్చాను. వంట నేనే చేసుకుంటున్నాను. తిన్నవాడు ఇంతవరకు ఫిర్యాదు చెయ్యలేదు. మీ అక్క పెంచిన కుండీల్లో ఒకటి వాడిపోయింది, మిగతావి ఆలోచిస్తున్నాయి. వంటగది గడియారం చెడిపోలేదు, బ్యాటరీ అయిపోయిందంతే.

చివర్లో నువ్వు అడిగిన దానికి మాత్రం వెంటనే జవాబు రాయలేకపోయాను. "చిరునామా బాక్సు గొడవ తీరిందా?" అన్నావు. నేను నీకు చిరునామా బాక్సు గురించి ఎప్పుడూ రాయలేదు. అక్కడే నాకు అనుమానం మొదలైంది. సరిగ్గా చెప్పాలంటే, అప్పటికే ఉన్న అనుమానానికి కాళ్లొచ్చాయి.

మా పని నీ భాషలో చెబుతాను. ఆసుపత్రుల కోసం మేం తయారుచేసే వెబ్ అప్లికేషన్‌లో ఫారాలు చాలా ఉంటాయి. కొత్త రోగి నమోదు, అపాయింట్‌మెంటు, పరీక్షలు, డిశ్చార్జి. ఇన్నాళ్లూ ఏ ఫారం రాసినవాడు ఆ ఫారంలోని బాక్సులన్నీ తనే కొత్తగా రాసుకునేవాడు. ఫోన్ నంబరు మధ్యలో ఖాళీ వదిలితే ఒకచోట ఒప్పుకుంటుంది, ఇంకోచోట ఎర్రగా అరుస్తుంది. అందుకని పేరు, తేదీ, ఫోన్, చిరునామా, ఇలా ఒక్కో బాక్సునూ ఒక్కసారే గట్టిగా తయారుచేసి, ఏ ఫారానికి కావాలంటే దానికి తెచ్చి బిగించుకునేలా ఒక లైబ్రరీ కడుతున్నాం. మీ ఓడలో ఒకే రకం వాల్వు అన్ని పంపులకూ సరిపోయినట్టు. మేలూ అదే, ముప్పూ అదే. ఆ వాల్వులో మర తప్పితే అన్ని పంపులూ కారతాయి.

అది నా చేతుల మీద మొదలైంది. మీ అక్క బాగున్నప్పుడు మొదలుపెట్టాను. ఈ నెలాఖరుకి అన్ని టీములకూ ఇవ్వాలి. ఎవరి పేరున ఇస్తారన్నదే ఇప్పుడు ప్రశ్న. నాకు మిగిలింది ఆ పనొక్కటే.

పక్క సీటు గొణుగుడు నీకు తెలుసు. మీ అక్క పోయిన రోజున ఆసుపత్రి మెట్ల మీద నీ పక్కన కూర్చున్నాడు. కీబోర్డు మీద వేళ్లు పడితే పెదాలు కదులుతాయి కాబట్టి ఆ పేరు. మాలో ఎవరు ఏం రాసినా ఇంకొకరు చదివి 'చూశాను, బాగుంది' అంటేనే అది లోపలికి వెళ్తుంది. నావి వాడు చదువుతాడు, వాడివి నేను.

కొన్నాళ్లుగా నా బాక్సుల మీద వాడి పేరు కనబడుతోంది. మా దగ్గర ఎవరు ఏ ఫైలు ముట్టుకున్నా పేరు పడుతుంది. నేను ముగించి వెళ్లిన పేరు బాక్సు, పొద్దున్నే చూస్తే కింద వాడి పేరు, పక్కన 'చిన్న సవరణ'. తర్వాత ఫోన్ బాక్సు. చిన్న సవరణ. తర్వాత చిరునామా. పొలం గట్టు జరిపినట్టు రోజుకింత జరుపుతున్నాడనుకున్నాను. నాతో ఒక్క మాట చెప్పడు. టీ దగ్గర మాత్రం ఏమీ ఎరగనట్టు వానల గురించి మాట్లాడతాడు.

ఇంతలో మా మేనేజరు పిలిచింది.

"కొన్నాళ్లు సెలవు తీసుకోండి సార్. లైబ్రరీకేం భయం లేదు, ఆయన చూసుకుంటారు."

"ఏ ఆయన?"

"అదే, మీ ఫ్రెండే కదా."

"నా సీటు కూడా ఆయనే చూసుకుంటారా?"

"అయ్యో, అలా అంటారేంటి సార్?" అని నీళ్ల సీసా మూత తిప్పుతూ కూర్చుంది. ఆ మూత తిప్పడమే జవాబనుకున్నాను.

అనుమానం వచ్చాక అన్నీ దానికి సరిపోతాయి. నేను వెనక నుంచి రాగానే వాడు తెర మీద ఏదో మూసేశాడు. నీకు రాసే ఉత్తరాలు, దారిలో పోస్టు డబ్బా ఉంది కదా అని వాడే తీసుకెళ్తాడు. కవరు అంచు తడిపి విప్పి మళ్లీ అంటిస్తే తెలుస్తుందా అని నా కవరు మీదే చేసి చూశాను. తెలుస్తుంది. ఆపైన నీ చిరునామా బాక్సు ముక్క వచ్చింది. సొంత బావమరిది కూడా అటే చేరాడని తేల్చుకున్నాను.

వాణ్ణి పట్టుకోవడానికి తేదీ బాక్సులో కావాలని ఒక తప్పు పెట్టాను. మేం రాసే కంప్యూటర్ భాషలో నెలల లెక్క సున్నాతో మొదలవుతుంది. తెర మీద చూపేటప్పుడు ఒకటి కలపాలి. ఆ ఒకటి తీసేశాను. ఇక మార్చిలో పుట్టినవాడు ఫిబ్రవరిలో పుడతాడు. ఆసుపత్రులకు వెళ్లే దాంట్లో కాదులే, మా లోపలి ప్రయోగానికి ఉంచిన దాంట్లో. వాడు చదవకుండా 'బాగుంది' అంటే, లైబ్రరీ అప్పగించేది ఈయనకా అని మేనేజరును అడుగుదామని నా ఎత్తు.

మర్నాడు 'చూశాను, బాగుంది' అని ఉంది. మేనేజరు గదివైపు లేచాను. వెళ్లేముందు ఎందుకైనా మంచిదని ఫారం తెరిచి నా పుట్టిన తేదీ కొట్టాను. సరిగ్గా వచ్చింది. కింద వాడి పేరు. చిన్న సవరణ. నేను తీసేసిన ఒకటి తిరిగి కలిపి ఉంది.

అప్పుడు కూర్చుని వాడి పాత సవరణలన్నీ విప్పాను. ఇన్నాళ్లూ ఎవరు ముట్టుకున్నారో చూశాను గాని, ఏం మార్చారో ఒక్కసారీ చూడలేదు. దొంగ దొరికాడనుకున్నాక సంచి విప్పాలనిపించలేదు. పేరు బాక్సులో ఇంటిపేరు మాయమవుతోంది, దిద్దాడు. ఫోన్ బాక్సు చివరి అంకె మింగేస్తోంది, దిద్దాడు. చిరునామాలో ఇంటి నంబరు రాలిపోతోంది, దిద్దాడు. అన్నీ నా తప్పులే. నిన్నగాక మొన్న ఉద్యోగంలో చేరినవాడు కూడా చెయ్యనివి.

టీ గదిలో పట్టుకున్నాను.

"నా తప్పులు నాకెందుకు చెప్పలేదు?"

"మొదటిసారి చెప్పాను స్వామీ. నా సీటు మీద కన్నేశావా అన్నావు. నీ కుర్చీకి ఒక చక్రం తిరగదు. దాని మీద ఎవడు కన్నేస్తాడు?"

"మా బావమరిదికి ఉత్తరాలు రాస్తున్నావా?"

"ఆయన రాస్తున్నాడు. నేను జవాబిస్తున్నాను. ఇవ్వకపోతే బాగుండదు కదా."

"మేనేజరుకి చెప్పావా?"

"చెప్తే నీ పని కూడా నా నెత్తిన పడుతుంది. సెలవు మాట ఆవిడదే. ఇంట్లో కూర్చోబెడితే మిగిలిన మొక్కలు కూడా చంపుతాడు, వద్దన్నాను." కప్పు కడుగుతూ అటు తిరిగి అన్నాడు: "నిన్నటి తప్పు మాత్రం పరధ్యానం తప్పు కాదు. పరీక్ష పెట్టావు. పాసయ్యానా?"

నా కప్పు కూడా కడగమని వాడి చేతికిచ్చాను.

ఇక్కడిదాకా రాసి ఉత్తరం ముగిద్దామనుకున్నాను. ఇంకొకటి ఉంది.

పైవన్నీ పరధ్యానమే. ఒక్కటి కాదు. నమోదు ఫారంలో వైవాహిక స్థితి అని ఒక బాక్సు. 'వివాహితులు' అని ఎంచుకుంటే కింద భార్య లేదా భర్త పేరుకు ఇంకో బాక్సు తెరుచుకుంటుంది. దాన్ని 'భాగస్వామి మరణించారు' అని మారిస్తే ఆ బాక్సు మూసుకుపోయి, అందులో ఉన్న పేరు చెరిగిపోవాలి. మాకిచ్చిన నియమం అది. నేను ఏ ఫారాన్నయినా నా వివరాలతోనే పరీక్షిస్తాను. కాబట్టి ఆ బాక్సులో ఉన్నది మీ అక్క పేరు. చెరిపే లైను నేను రాయలేదు. రాక కాదు. పని అయిపోయిందని చెప్పి ముందుకెళ్లాను. అది నీకూ వాడికీ తెలియకూడదనుకున్నాను. అందుకే మీ ఇద్దరినీ అనుమానించానేమో.

ఆ ఫైలు అన్నిటికన్నా ఆఖర్న తెరిచాను. కింద వాడి పేరు, చిన్న సవరణ. నా బదులు వాడు చెరిపేశాడనుకున్నాను. చెరపలేదు. ఆసుపత్రి రిసెప్షన్ వాళ్లను వెళ్లి అడిగాడట. కుటుంబం పాత ఫైలు ఆ పేరు మీదే వెతుకుతామని, చెరిపితే తమకే ఇబ్బందని వాళ్లన్నారట. నియమమే మార్పించాడు. ఇప్పుడు 'మరణించారు' అని ఎంచుకున్నా బాక్సు మూసుకోదు. పేరు అలాగే ఉంటుంది. దిద్దడానికి మాత్రం వీలుండదు.

పరీక్షించాను. ఉంది.

వాళ్లు నిజంగా అలా అన్నారా, వీడే అనిపించాడా అన్న అనుమానం ఇంకా పోలేదు. అడగదలచుకోలేదు.

నిన్న మేనేజరుకి లైబ్రరీ మీద ఇద్దరి పేర్లూ పెట్టమని చెప్పాను. "ఎవరిది ముందు సార్?" అంది. వాడిదే అన్నాను. ఆవిడ మళ్లీ సీసా మూత తిప్పింది. ఆ తిప్పడం ఆవిడకు అలవాటే అనుకుంటాను.

నువ్వు వాడికి రాయడం మానకు. మొక్కల సంగతి మాత్రం నన్నే అడుగు. వాడు పెంచి చెబుతాడు.

ఈ ఉత్తరం కూడా వాడే డబ్బాలో వేస్తాడు. కవరు అంటించకుండా ఇస్తున్నాను. చదువుతాడు. తప్పులుంటే దిద్దుతాడు. ఈసారి ఏం దిద్దాడో నాకు చెప్పి దిద్దమన్నాను.

ఇట్లు,
నీ బావ